12×10 ఫ్రీజర్ గదికి పఫ్ ప్యానెల్ 60 ఎంఎం చాలా, 100 వేయాలా? పాత ప్యానెళ్లు కొనొచ్చా?

నర్సాపురం చేపల కొట్టు:

అందరికీ నమస్కారం. నర్సాపురంలో మాది చేపల కొట్టు. నాన్నగారి రోజుల్లో ఒక ఐసు పెట్టె, ఒక కత్తిపీట, ఒక కాటా ఉంటే సరిపోయేది. ఇప్పుడు నేను కోసి, శుభ్రం చేసి, కవర్లలో సీలు వేసి పాలకొల్లు, భీమవరం, తణుకు దాకా పంపిస్తున్నాను. సరుకంతా మూత పైకెత్తే డీప్ ఫ్రీజర్లు ఏడింటిలో ఉంటుంది. ఏ పెట్టె అడుగున ఏముందో దేవుడికే తెలియాలి. పోయిన వారం ఒకదాన్ని ఖాళీ చేస్తే సంక్రాంతికి పెట్టిన వంజరం ముక్కలు రెండు కిలోలు బయటపడ్డాయి. అంచులన్నీ తెల్లగా ఎండిపోయి కొబ్బరి చెక్కల్లా ఉన్నాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కదా. ఆ 61 రోజులకి సరిపడా సరుకు ముందే పోగుచేసుకోవాలి. అందుకని కొట్టు వెనకున్న గోడౌన్‌లో మనిషి నడిచి లోపలికెళ్లే ఫ్రీజర్ గది కట్టించాలనుకుంటున్నాను. లోపలి కొలత 12 అడుగులు × 10 అడుగులు, ఎత్తు 8 అడుగులు. మైనస్ 18 నుంచి మైనస్ 20 దాకా ఉండాలి. గోడౌన్‌కి పైన సిమెంటు రేకులు.

నలుగురిని అడిగితే నాలుగు మాటలు. మొదటాయన 60 ఎంఎం పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య పాలియురెథేన్ నురగ నింపిన పలక) చాలు, మిషన్ కాస్త పెద్దది వేస్తానంటున్నాడు. రెండో ఆయన గోడలకీ పైకప్పుకీ 100 ఎంఎం అన్నాడు కానీ కింద ఏమీ వేయడట. "చల్లదనం కిందకి ఎక్కడికి పోతుందండీ, ఉన్న గచ్చు సరిపోద్ది" అని. మూడోది, దగ్గర్లో మూతపడిన ఒక రొయ్యల ప్లాంటులో విప్పిన 100 ఎంఎం పాత ప్యానెళ్లు ఉన్నాయి, కొత్తవాటిలో సగం ధర కూడా లేదు. నాలుగో మాట మా మేస్త్రిది. రెండు వరసల ఇటుక గోడ కట్టి మధ్యలో థర్మోకోల్ కూరదాం, జన్మకి ఢోకా ఉండదంటాడు.

పఫ్ అంటే నాకు నిన్నమొన్నటిదాకా బేకరీలో ఎగ్ పఫ్ తప్ప వేరేది తెలీదు. తెలిసినవాళ్లు చెప్పండి. డబ్బులు బ్యాంకు లోను, అందుకే టెన్షన్.

రావులపాలెం ఐస్‌క్రీమ్:

తమ్ముడూ, ఆ నాలుగింటిలో అన్నిటికన్నా ప్రమాదమైనది రెండోది. మిగతావి తప్పయితే కరెంటు బిల్లులో తెలుస్తుంది. నేల తప్పయితే గదే లేస్తుంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

2017లో మేము ఐస్‌క్రీమ్‌కి ఇలాంటి గదే కట్టించాం, ఇంచుమించు నీ కొలతే. కట్టినాయన గోడలు బాగానే వేశాడు. కింద మాత్రం రెండంగుళాల థర్మోకోల్ పరిచి దాని మీద కాంక్రీటు, కడప రాయి. అదేమిటని అడిగితే నీ రెండో ఆయన చెప్పిన మాటే చెప్పాడు. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. మూడో వర్షాకాలంలో తలుపు అడుగు గడపకి రాసుకోవడం మొదలైంది. మా ఆయన కీలు వదులైందనుకుని బిగించారు. నెల తిరక్కుండా మళ్లీ రాసుకుంది. ఈసారి కీలు కాదు, గది మధ్యలో రాళ్లు పూరీ పొంగినట్టు పొంగి ఉన్నాయి. ట్రాలీ వదిలితే దానంతటదే గోడ వైపు దొర్లుతోంది. ఒక మూల గోడ ప్యానెల్ జాయింటు వేలు పట్టేంత విచ్చుకుంది.

జరిగిందేంటంటే, చలి ఆ పల్చటి థర్మోకోల్ దాటి కింద మట్టిలోకి దిగింది. మాది గోదావరి పక్కన ఒండ్రు నేల, కొంచెం తవ్వితే చెమ్మే. ఆ చెమ్మ గడ్డకట్టింది. ఒకసారి గడ్డకట్టాక చుట్టుపక్కల నీళ్లని కూడా లాక్కుని పొర మీద పొర పెరుగుతుందట. మంచు కింద నుంచి తోస్తుంటే కాంక్రీటు ఏం ఆగుతుంది? గది ఆపేసి కరగనిచ్చాం. నెల పైనే పట్టింది. నేల పగలగొడితే అడుగున మట్టి ఐస్‌ఫ్రూట్ విరిచినట్టు పెళ్లలు పెళ్లలుగా వచ్చింది. గది కట్టడానికైన ఖర్చులో మూడో వంతు నేలకి మళ్లీ పెట్టాం. ఆ సీజన్ వ్యాపారం పోవడం దీనికి వేరే.

రెండోసారి వేరే ఆయన చేత అడుగున్నర ఎత్తు అరుగు కట్టించాం. అరుగు లోపల ఇసుకలో నాలుగంగుళాల పీవీసీ గొట్టాలు ఈ చివర నుంచి ఆ చివరకి, రెండు వైపులా నోళ్లు బయటికి తెరిచి. మన దగ్గర గాలి చలికాలంలో కూడా గడ్డకట్టించేంత చల్లగా ఉండదు కాబట్టి ఆ గాలి ఆడితే చాలు, కింద మట్టి గడ్డకట్టదు, హీటరు అక్కర్లేదు అన్నాడు. గొట్టాల నోళ్లకి జాలీ కట్టించు, లేకపోతే ఎలకలు, వాటి వెనకే పాములు. నీళ్లు నిలవకుండా ఒక వైపు వాలు ఉండాలి. దాని మీద సన్న కాంక్రీటు, తారు షీటు, ఆ పైన 50 ఎంఎం పఫ్ పలకలు రెండు వరసలు. కింది వరస అతుకు మీదకి పై వరస అతుకు రాకుండా పరిచారు. వాటి మీద పాలిథిన్, నాలుగంగుళాల కాంక్రీటు, రాయి. ఇప్పటికి అయిదేళ్లయింది, నీళ్ల మట్టం పెట్టి చూసినా వెంట్రుకవాసి తేడా లేదు.

అరుగు లేస్తుంది కాబట్టి తలుపు ముందు ర్యాంపు వస్తుంది. దానికి చోటు ఇప్పుడే చూసుకో.

గుంటూరు మిర్చి:

థర్మోకోల్‌ని మరీ తీసిపారేయకండి. మా వైపు పాత మిర్చి కోల్డ్ స్టోరేజీల గోడల్లో ఉన్నది అదే. దశాబ్దాలుగా నడుస్తున్నాయి.

కువైట్ చల్లగదులు:

గుంటూరు తమ్ముడు చెప్పింది నిజమే, కానీ మిర్చికి ఉండేది ప్లస్‌లో. చేపకి మైనస్ 20. మే నెలలో రేకుల కింద 40 డిగ్రీలుంటే లోపలికీ బయటికీ 60 డిగ్రీల తేడా. ఆ 60 డిగ్రీలే ఈ గదికి శత్రువు. మాది పాలకొల్లు దగ్గర పల్లె. 22 ఏళ్లుగా ఇక్కడ కువైట్‌లో చల్లగదులు బిగించడమే పని. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీ గది ఆరు వైపులా కలిపి దాదాపు 55 చదరపు మీటర్లు. మంచి పఫ్ 60 ఎంఎం వేస్తే ఆ 60 డిగ్రీల తేడాకి చదరపు మీటరుకి సుమారు 23 వాట్ల వేడి లోపలికి వస్తుంది. మొత్తం 1,260 వాట్ల పైన. 100 ఎంఎం వేస్తే 14 వాట్లు, మొత్తం 760. తేడా 500 వాట్లు. అంటే మీ గదిలో రాత్రింబవళ్లు ఒక చిన్న ఇస్త్రీ పెట్టె వేడెక్కుతూ ఉన్నట్టు. దాన్ని బయటికి తోయడానికి కంప్రెసరు రోజుకి ఎనిమిది యూనిట్ల పైన తింటుంది. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా నెలకి రెండు వేలు. ఇది మండు వేసవి లెక్క, చలికాలంలో తగ్గుతుంది. పెద్ద మిషన్ వేస్తే ఈ ఖర్చు పోదు, ఇంకాస్త పెరుగుతుంది. 100 ఎంఎం థర్మోకోల్ వేడిని ఆపేది 60 ఎంఎం పఫ్ అంతే. మేస్త్రి గారికి అది చెప్పండి.

60 ఎంఎంతో ఇంకో బాధ ఉంది, కొటేషన్లో ఎవరూ రాయరు. వానాకాలం మీ ఊళ్లో గాలి ఎంత చెమ్మగా ఉంటుందో నాకు తెలుసు. ప్యానెల్ బయటి షీటు చుట్టూ ఉన్న గాలి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లబడితే చాలు, కూల్‌డ్రింక్ సీసాకి పట్టినట్టు చెమట పడుతుంది. 60 ఎంఎం గోడ సరిగ్గా ఆ గీత మీద ఉంటుంది. గాలి ఆడని మూలల్లో గోడలు కారతాయి, షీటు అడుగు అంచు తుప్పు పడుతుంది. కాబట్టి గోడలు 100, పైన రేకులున్నాయి కనక కప్పుకి 120 వేయండి. గోడౌన్ గోడకీ ప్యానెల్‌కీ మధ్య జానెడు ఖాళీ వదలండి, గాలి తిరగాలి.

ఇక అసలు విషయం. ఎంత మందం వేసినా జాయింట్లు తప్పయితే ఆ ప్యానెల్ పదేళ్లు బతకదు. ఫ్రీజర్‌లోకి వేడి ఒక్కటే రాదు, చెమ్మ వస్తుంది. అది ఎప్పుడూ బయట నుంచి లోపలికే నడుస్తుంది. సందు దొరికితే నురగలోకి దూరి మధ్యలో ఎక్కడో గడ్డకడుతుంది. అందుకని జాయింటుకి సీలెంటు ముఖ్యంగా పడాల్సింది బయటి వైపు. మనవాళ్లు లోపల నీటుగా గీత గీసినట్టు సిలికాన్ రాసి ఫొటో పంపిస్తారు, బయట గోడ వైపు చెయ్యి పట్టదని వదిలేస్తారు. బిగించే రోజు మీరే టార్చి వేసుకుని వెనక్కి వెళ్లి చూడండి. లైటు వైరు, పైపు వెళ్లే ప్రతి కన్నం నురగతో నింపాలి. వైరు గొట్టం లోపల కూడా నింపాలి. ఆ గొట్టమే చెమ్మకి రాజమార్గం. లోపల చల్లగాలి ఊదే ఎవాపరేటర్‌ని కప్పుకి వేలాడదీసే రాడ్లు ఇనుమువి కాకుండా నైలాన్‌వి అడగండి. ఇనప రాడ్డు చలిని పైకి మోసుకొచ్చి బొట్టు బొట్టుగా కారుతుంది.

తలుపు ప్యానెల్‌తో పాటే, అదే మందంలో తీసుకోండి. చట్రానికి హీటరు వైరు ఉండాలి, లేదంటే రబ్బరు గడ్డకట్టి తలుపు రాదు. పది రూపాయల నోటు రబ్బరు మధ్య పెట్టి తలుపు మూసి లాగండి. బిగుతుగా రావాలి. నాలుగు పక్కలా అలాగే చూడండి. లోపల నుంచి తెరిచే పిడి లేని తలుపు ఉచితంగా ఇచ్చినా వద్దు. ఇంకోటి, గాలి సర్దుకునే చిన్న వాల్వు ఉంటుంది, హీటరున్నది. తలుపు తీసినప్పుడు దూరిన వేడి గాలి మూశాక చల్లబడి కుంచించుకుపోతుంది, లోపల పీల్చినట్టవుతుంది. వాల్వు లేకపోతే రెండు నిమిషాల దాకా తలుపు ఊడిరాదు, కప్పు ప్యానెళ్లు కూడా మూలుగుతాయి.

రావులపాలెం చెల్లెమ్మ నేల గురించి చెప్పింది అక్షరాలా నిజం. నేను దానికి కలిపేదేమీ లేదు.

ఒక్క ప్రశ్న. పచ్చి చేప నేరుగా ఈ గదిలోనే పెట్టి గడ్డకట్టిద్దామనుకుంటున్నారా?

నర్సాపురం చేపల కొట్టు:

బాబాయ్ గారూ, మీ ఓపికకి దండం. మా పక్క ఊరివాళ్లే అయ్యారు. అవునండీ, అలాగే అనుకున్నాను. రోజుకి వంద, నూట యాభై కిలోలు. తప్పా?

పాత ప్యానెళ్ల సంగతి కూడా చెప్పరా. వాటి మీదే మనసు లాగుతోంది.

కువైట్ చల్లగదులు:

వంద కిలోల పచ్చి చేపని 30 డిగ్రీల నుంచి మైనస్ 18కి తేవాలంటే రోజంతా సగటున అర కిలోవాటు వేడి తీయాలి. 60కీ 100కీ మధ్య నేను చెప్పిన తేడా మొత్తం దానికే పోయింది. పైగా ఇది నిల్వ గది. ఇందులో గడ్డకట్టడానికి రాత్రంతా పడుతుంది. మెల్లగా గడ్డకడితే కండలో మంచు పలుకులు పెద్దవవుతాయి, కరిగించినప్పుడు నీరు కారి ముక్క మెత్తబడుతుంది. కొన్నవాడు రెండోసారి రాడు. మీ ఏడు పెట్టెల్లో మంచివి మూడు ఉంచుకుని, పల్చగా పరిచి అందులో గడ్డకట్టించి, తర్వాతే గదిలోకి మార్చండి. వ్యాపారం పెరిగితే వేగంగా గడ్డకట్టించే చిన్న బ్లాస్ట్ ఫ్రీజర్ చూద్దురుగాని. దానికి గోడలు 150 ఎంఎం, అది వేరే కథ.

పాత ప్యానెళ్లు చూడగానే వద్దనను. తూకం వేయండి. మీ దగ్గర కాటా ఉంది కదా. 100 ఎంఎం ప్యానెల్, రెండు పక్కలా 0.5 ఎంఎం షీటు, నురగ సాంద్రత ఘనపు మీటరుకి 40 కిలోలైతే చదరపు మీటరు బరువు 12 కిలోల లోపు. మీటరు వెడల్పు, 2.4 మీటర్ల పొడవు ఉన్నది 28, 29 కిలోలు తూగాలి. 35 తూగిందంటే మిగతా ఆరు కిలోలు నీళ్లే. తడిసిన నురగ ఎండలో పెట్టినా ఆరదు, దాన్ని వదిలేయండి. తర్వాత రూపాయి బిళ్లతో షీటంతా తట్టుకుంటూ వెళ్లండి. డొల్లగా మోగిన చోట షీటు ఊడింది. ఇంకా ఒకటి, ప్యానెళ్లని ఒకదానికొకటి బిగించే లాకు ఒక కంపెనీది ఇంకో కంపెనీ ప్యానెల్‌కి పడదు. నాలుగు పాతవి, పది కొత్తవి కలిపి గోడ కడదామనుకుంటే కుదరదు.

కొత్తవాటికీ తూకమే. వాళ్లు తెచ్చే నమూనా ముక్క షీట్లు ఊడదీసి నురగని 10 సెంటీమీటర్ల ఘనంగా కోయండి, అంటే లీటరు. 40 గ్రాములుండాలి. మీ చేపల కాటా దీనికి పనికిరాదు, బంగారం కొట్టుకి వెళ్లండి. షీటు ఊడదీసేటప్పుడు కూడా చూడండి, నురగ చిరిగి షీటుకి అంటుకుని రావాలి. అరటి తొక్కలా శుభ్రంగా వచ్చేస్తే అది మంచి ప్యానెల్ కాదు. కొటేషన్ మీద ఐఎస్ 12436 (ఈ నురగకి మన దేశ ప్రమాణం), సాంద్రత 40, షీటు మందం 0.5 అని మూడూ రాయించుకోండి. నోటి మాట వద్దు.

విశాఖ ఎలక్ట్రీషియన్:

పఫ్ ప్యానెల్ గది దగ్గర వెల్డింగ్ చేయనివ్వకండి. రాక్‌లు, చట్రాలు అన్నీ బయట వెల్డింగ్ చేసి లోపలికి తెచ్చి బోల్టులు బిగించుకోవాలి. ఒక్క రవ్వ నురగలో పడితే షీట్ల మధ్య లోలోపల రాజుకుంటుంది, నీళ్లు కొట్టినా అందదు, పొగ భరించలేం. డబ్బు సరిపోతే పీఐఆర్ నురగ అడగండి, మంటకి మామూలు పఫ్ కన్నా అది మెరుగు. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకపోవడమే అన్నిటికన్నా మంచి జనరేటరు.

నర్సాపురం చేపల కొట్టు:

పది రోజులు కనపడలేదు, క్షమించాలి. తూకాల పనిలోనే ఉన్నాను.

ముందు రొయ్యల ప్లాంటు ప్యానెళ్లు. మా కుర్రాళ్లిద్దరినీ, వేలాడే కాటానీ ఆటోలో వేసుకెళ్లాను. అమ్మేవాడు నవ్వాడు, "ప్యానెళ్లు కిలోల లెక్కన కొంటారా ఏంటండీ" అని. మొదటిది 28న్నర. రెండోది 29. మూడోది ఎత్తుతుంటేనే మా వాడు "ఏంటన్నా ఇది, మనిషున్నాడా లోపల" అన్నాడు. 41 కిలోలు. దాని అడుగు అంచు వంచి పట్టుకుంటే ధారగా నీళ్లు కారాయి. విప్పి మూడు నెలలైంది, ఎండలోనే పడుంది, అయినా నీళ్లు. మొత్తం 26 తూచాం. 30 లోపు తూగినవి 11. అమ్మేవాడు నవ్వడం మానేశాడు.

తర్వాత మొదటాయన ఇచ్చిన 60 ఎంఎం నమూనా. మా బావమరిది బంగారం కొట్టులో కాటా మీద పెట్టాం. 10 బై 10 ముక్క, బాబాయ్ గారి లెక్కన 24 గ్రాములు రావాలి. 19 వచ్చింది. షీటు కూడా అరటి తొక్కే. రెండో ఆయన 100 ఎంఎం ముక్క లీటరుకి 39 గ్రాములు తూగింది. షీటు ఊడదీయడానికి స్క్రూడ్రైవరు వంగింది.

కాబట్టి కొత్త 100 ఎంఎం గోడలకి, 120 కప్పుకి ఆ రెండో ఆయనకే ఇచ్చాను. నేల మాత్రం ఆయన చేతిలో పెట్టలేదు. అక్క రాసింది రాసినట్టు కాగితం మీద గీయించి మా మేస్త్రికి ఇచ్చాను. ఇటుక పని పోయిందని అలిగినాయన అరుగు పని దొరికాక శాంతించాడు. గొట్టాలు ఎనిమిది పడ్డాయి, వాలు కాలువ వైపు. ఆ 11 పాత ప్యానెళ్లూ కొన్నాను. అన్నీ ఒకే ప్లాంటువి కాబట్టి లాకులు కలిశాయి. ఫ్రీజర్ తలుపు ముందు అయిదడుగుల చిన్న గది వాటితో కడుతున్నాం. ప్యాకింగ్ అక్కడే. తలుపు తీసినప్పుడు బజారు గాలి నేరుగా లోపలికి పోదు.

నిన్న గోడలు నిలబెట్టారు. సాయంత్రం టార్చి వేసుకుని జానెడు సందులో పక్కకి తిరిగి దూరాను. నా పొట్టకి అది కష్టమే. బయటి జాయింట్లలో ఎనిమిదింటికి సిలికాన్ ఉంది. మూల దగ్గర రెండింటికి లేదు. అడిగితే "అక్కడ చెయ్యి పట్టదండీ" అన్నాడు. కప్పు వేయొద్దని ఆపాను. ఈ ఉదయం ఆ రెండు ప్యానెళ్లూ వెనక్కి జరిపి, రాసి, మళ్లీ లాకు వేస్తున్నారు.